2024–25 వార్షిక నివేదిక: డాక్టరు చదవని వాళ్ళకీ ఆరోగ్య పరిశోధనలో పని ఉంది

మన బెంగళూరు తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ముందు మామూలు సంగతులు. సంక్రాంతి ముగ్గులు, ఉగాది, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. వనభోజనాల్లో గుత్తివంకాయ తక్కువ పడిందని నాకు ఇంకా మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, అవి దయచేసి వంట కమిటీకి పంపండి. పిల్లల తెలుగు తరగతులు ఆదివారం పొద్దున నడుస్తున్నాయి, స్కూలు పరీక్షలప్పుడు పలచబడతాయి, సెలవుల్లో మళ్ళీ నిండుతాయి. జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా పంపారు. దాని మీద అడగాల్సినవి సర్వసభ్య సమావేశంలో అడగండి, వాట్సాప్ గ్రూపులో వద్దు.

ఈ ఏడాది నిజంగా పని జరిగింది ఉద్యోగ మార్గదర్శన విభాగంలో. అందుకే మిగతా నివేదికంతా దాని గురించే.

ప్రతి ఏడూ నీట్ ఫలితాలు రాగానే మన ఇళ్ళల్లో ఒకటే టెన్షన్. సీటు రాలేదు, మేనేజ్‌మెంట్ కోటాకి డబ్బు లేదు, లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి విజయవాడ పంపాలా వద్దా అని ఫోన్లు. ఇటు చూస్తే అదే మారతహళ్ళి, కె.ఆర్.పురం, బెళ్ళందూరు ఇళ్ళల్లో బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయిలు, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, సోషల్ వర్క్ పూర్తిచేసి ఇంకేదో కాల్ సెంటర్‌లో కుదురుకున్న పిల్లలు, పెళ్ళయి పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసి మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూర్చున్న చదువుకున్న ఆడవాళ్ళు ఉన్నారు. ఆరోగ్య రంగం అంటే డాక్టరు, లేదంటే ఫార్మా కంపెనీ అన్న లెక్కలో వీళ్ళెవరూ పడరు. కానీ పెద్దాసుపత్రి గోడల బయట, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఇళ్ళల్లో, వృద్ధాశ్రమాల్లో జరిగే పరిశోధన నడిచేదే ఇలాంటి వాళ్ళతో. ఈ ఏడాది మేం ఏర్పాటు చేసిన ముఖాముఖీలన్నీ ఆ పనుల మీదే.

మొదటి సమావేశంలో ఒక పెద్దాయన సూటిగా అడిగారు, ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడగడం కూడా పరిశోధనేనా అని. మంచి ప్రశ్న, దీనికి జవాబు మన ఊళ్ళోనే ఉంది. బళ్ళారి రోడ్డులో జాతీయ క్షయ (టీబీ) సంస్థ ఉంది కదా, 1959లో పెట్టినది. 1960ల మొదట్లో ఆ సంస్థ తరఫున డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే పరిశోధకులు తుమకూరు జిల్లా పల్లెల్లో ఒక అధ్యయనం చేశారు. పల్లెటూరి జనానికి రోగం గురించి తెలియదు, ముందు వాళ్ళకి అవగాహన కలిగించాలి అని అప్పట్లో అందరి నమ్మకం. వీళ్ళు ఇళ్ళకి వెళ్ళి అడిగారు, అదీ ఎవరికి క్షయ ఉందో ప్రశ్నలడిగే వాళ్ళకి తెలియకుండా. తేలిందేమిటంటే, రోగుల్లో ఎక్కువమందికి తమ ఒంట్లో ఏదో తేడా ఉందని తెలుసు, దాదాపు సగం మంది అప్పటికే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళొచ్చారు కూడా, అక్కడ దగ్గుమందు సీసా చేతిలో పెట్టి పంపేశారు. లోపం జనంలో కన్నా ఆసుపత్రిలో ఎక్కువని తేల్చింది గుమ్మంలో కూర్చుని ఓపిగ్గా అడిగి రాసుకున్న మనుషులు. క్షయ కార్యక్రమాన్ని మామూలు ప్రభుత్వాసుపత్రుల్లోనే నడపాలన్న ఆలోచనకి బలం ఇలాంటి పనుల వల్లే వచ్చింది.

మద్రాసులో 1956లో మొదలైన క్షయ కీమోథెరపీ (అంటే మందులతో చికిత్స) కేంద్రం కథా అలాంటిదే. శానిటోరియంలో, అంటే క్షయ రోగులని నెలల తరబడి ఉంచే ఆసుపత్రిలో, మంచి తిండి, విశ్రాంతితో ఉన్న రోగులనీ, అవే మందులు ఇంట్లో, ఇరుకు గదుల్లో ఉండి వేసుకున్న రోగులనీ పోల్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్ళూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు, ఇంట్లోవాళ్ళకి రోగం అంటుకోవడమూ పెరగలేదు. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాక ప్రపంచమంతటా శానిటోరియంల అవసరం మెల్లగా తగ్గిపోయింది. ఆ పోలిక సాధ్యమైంది, చెప్పకుండా ఇంటికెళ్ళి మాత్రలు లెక్కపెట్టి, మందు వేసుకున్నారో లేదో మూత్ర పరీక్షతో చూసుకున్న సిబ్బంది వల్ల. డాక్టర్ల పేర్లు మిగిలాయి, వీళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. నాకైతే అది అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇప్పుడు మన పిల్లలకి దగ్గరగా ఉన్న పని చెబుతాను. మామిడికాయలకి పేరున్న శ్రీనివాసపురం తాలూకా, కోలారు జిల్లా, మీలో చాలామందికి తెలుసు, కొందరికి అత్తారిల్లు కూడా. మన ఊరి ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ అక్కడ పల్లెల్లో 45 ఏళ్ళు దాటిన వాళ్ళని ఏళ్ళ తరబడి గమనిస్తూ, వయసుతో జ్ఞాపకశక్తి ఎలా మారుతుందో, డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ఎవరికి ఎందుకు వస్తుందో చూస్తోంది. పెట్టుకున్న లక్ష్యం 10,000 మంది. ఆ తాలూకాలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా. జ్ఞాపకశక్తి పరీక్ష ఎలా ఉంటుందంటే, కొన్ని మాటలు చెప్పి, కాసేపయ్యాక మళ్ళీ చెప్పమంటారు, బొమ్మ చూపించి పేరు అడుగుతారు, కథ చెప్పి తిరిగి చెప్పించుకుంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడే ఒక పెద్దావిడని వేరే భాషలో అడిగితే ఆవిడ తడబడింది మతిమరుపు వల్లా, అడిగింది సరిగ్గా అర్థంకాకా? ఆ తేడా పట్టుకోగలిగేది ఆ యాసలో మాట్లాడగలిగిన మనిషే. ఇంగ్లీషు బాగా వస్తే చాలు అనుకునే మన పిల్లలు, అమ్మమ్మతో మాట్లాడే తెలుగు కూడా ఉద్యోగానికి అర్హత అవుతుందంటే మొదట నమ్మలేదు.

తెలుగు ప్రాంతం నుంచి కూడా ఒకటి చెప్పుకోవాలి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 1987–90 మధ్య చుట్టుపక్కల 29 ఊళ్ళల్లో, కొన్నిటిలో గర్భిణులకీ చిన్నపిల్లలకీ అదనపు ఆహారం ఇచ్చి, మిగతా వాటితో పోల్చారు. అప్పుడు పుట్టిన పిల్లలని పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ వెతికి పట్టుకున్నారు, ఇప్పటికీ ఆ కుటుంబాల ఆరోగ్యం మీద అధ్యయనం సాగుతోంది. పెళ్ళయి వేరే ఊరెళ్ళిన అమ్మాయిని, పేరు రెండు రకాలుగా రాసి ఉన్న అబ్బాయిని వెతకడం ఎంత పనో ఊహించండి. దీన్ని ఏ యాపూ చేయదు, ఊళ్ళో కిరాణా కొట్టాయనతో మాట కలిపే మనిషి చేస్తాడు.

ఇక ఏ పనులున్నాయి అంటే, ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ ఇళ్ళకి వెళ్ళి వివరాలు తీసుకుంటారు. పైన సూపర్‌వైజర్, ఆ పైన ప్రాజెక్ట్ కోఆర్డినేటర్. రక్తం తీసేవాళ్ళు, ల్యాబ్ టెక్నీషియన్లు, రీసెర్చ్ నర్సులు. మందు పనిచేస్తుందో లేదో మనుషుల మీద పరీక్షించే ట్రయల్స్‌లో అయితే క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్. వెనక డేటా మేనేజర్, స్టాటిస్టిక్స్ వాళ్ళు. డేటా పని చేసే మన సభ్యుడొకరు చెప్పింది అందరికీ నచ్చింది. బీపీ కొలిచే ముందు మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, అరగంట ముందు నుంచి కాఫీ, బీడీ ఉండకూడదు, చేతికి సరిపోయే కఫ్ వాడాలి, ఒకటికి రెండుసార్లు కొలవాలి. ఇవన్నీ చేస్తే అంకెలు 127, 134, 141 ఇలా రకరకాలుగా వస్తాయి. ఒక ఫీల్డ్ మనిషి పంపినవన్నీ 120, 130, 140 అని సున్నాలతోనే ముగిస్తుంటే, ఆ మనిషి అంకె సవరించి రాస్తున్నట్టు, లేదా అసలు ఆ ఇంటికే వెళ్ళనట్టు. ఇది కంప్యూటర్ ముందు కూర్చుని పట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేసి మానేసిన మన ఆడపడుచులకి ఇది సరిగ్గా సరిపోయే పని అని నా అభిప్రాయం.

అధ్యయనంలో చేరేముందు సంతకం పెట్టించుకునే అంగీకార పత్రం గురించి ఒక సాయంత్రమంతా మాట్లాడుకున్నాం, అయినా సరిపోలేదు. మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి, కాదనే హక్కుందని చెప్పాలి, మధ్యలో మానేసినా మామూలు వైద్యం ఆగదని చెప్పాలి. చదవడం రానివాళ్ళకి, ఆ అధ్యయనంతో సంబంధం లేని సాక్షి ఎదుట వేలిముద్ర. కాగితం మీద ఇంతే. ఊళ్ళో మాత్రం, "మీరు ఏది చెబితే అదేనమ్మా, మా ఇంటికి మంచి మందే రాయండి" అంటారు. ఏ మందు ఎవరికి అన్నది చీటీ తీసినట్టు నిర్ణయమవుతుందని, నా చేతిలో లేదని, బహుశా మీకు వచ్చేది మామూలు వైద్యమే కావచ్చని విడమరిచి చెప్పడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే అలా చెబితే కొందరు ఒప్పుకోరు, మీరు చేర్చుకున్నవాళ్ళ లెక్క తగ్గుతుంది, పైవాళ్ళు అడుగుతారు. అయినా చెప్పాల్సిందే. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ మీద 2019లో వచ్చిన ప్రభుత్వ నిబంధనల్లో ఉంది, అదీ చెప్పాలి. 2009 నుంచి మన దేశంలో ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో ముందే నమోదు చేయడం తప్పనిసరి, ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. ఎవరైనా మీ అమ్మానాన్నలని అధ్యయనంలో చేరమంటే నమోదు నంబరు అడగండి, మొహమాటపడకండి.

జీతాల సంగతి దాచను. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ప్రాజెక్టుల్లో ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్ అనే ఉద్యోగాలకి మూడు మెట్లున్నాయి, ఈ నివేదిక నాటికి నెలకి 18,000, 20,000, 28,000, దానిపైన ఇంటద్దె భత్యం. బెంగళూరు అద్దెలకి ఇది ఎంతో మీకు తెలుసు. పైగా కాంట్రాక్టు, ప్రాజెక్టు నిధులు ఆగితే ఉద్యోగమూ ఆగుతుంది. మన సభ్యుల అమ్మాయి ఒకరికి ఒక చోట నెలల తరబడి జీతం రాలేదు, ఎండలో తిరగడానికి ఆటో ఖర్చు కూడా తనే పెట్టుకుంది, అడిగితే గ్రాంటు రాలేదన్నారు. కాబట్టి చేరేముందు కాంట్రాక్టు ఎన్నాళ్ళు, ప్రయాణ ఖర్చులెవరివి, కుక్క కరిస్తే వైద్యం ఎవరిది, సాయంత్రం చీకటిపడ్డాక ఇళ్ళకి వెళ్ళమంటారా, ఆడపిల్లలని జంటగా పంపుతారా అని రాతపూర్వకంగా అడగమని మా సలహా. కుక్క మాట నవ్వులాటగా రాయలేదు, ఫీల్డులో పనిచేసిన ప్రతివాళ్ళూ ముందు చెప్పింది అదే.

ఇంగ్లండులో ఇదే పని చేస్తున్న మన సభ్యుల బంధువుతో ఒక ఆదివారం వీడియో కాల్ పెట్టాం. అక్కడ ప్రభుత్వం తరఫున ఆరోగ్య పరిశోధనకి నిధులిచ్చే సంస్థ ఎన్ఐహెచ్ఆర్ 2006లో మొదలైంది, 2022లో దాని పేరులోకి సంరక్షణను కూడా చేర్చారు. అంటే వృద్ధాశ్రమాల్లో, ఇంటి దగ్గర చూసుకునే పనిలో జరిగే పరిశోధనకీ చోటు దొరికింది. నర్సు చదవకుండానే ఈ పనిలోకి వచ్చిన వాళ్ళని క్లినికల్ రీసెర్చ్ ప్రాక్టీషనర్లు అంటారు, వాళ్ళకి గుర్తింపు పొందిన రిజిస్టరు కూడా ఉంది. కోవిడ్ రోజుల్లో ఇంట్లోనే ఉన్న పెద్దవాళ్ళని ఫ్యామిలీ డాక్టర్ల ద్వారా చేర్చుకుని ప్రిన్సిపుల్ అనే ట్రయల్ చేశారు. ఆస్తమాకి పీల్చే బ్యుడెసొనైడ్ అనే మందు వల్ల కొన్ని రోజులు ముందుగా కోలుకున్నారు. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌లు మాత్రం పనికిరాలేదు. మనం ఆ రెండేళ్ళలో అజిత్రోమైసిన్ ఎన్ని స్ట్రిప్పులు మింగామో గుర్తుచేసుకుంటే అందరూ కాసేపు నిశ్శబ్దంగా ఉన్నారు, తర్వాత ఒకాయన "నాకు మాత్రం తగ్గింది" అన్నారు, చర్చ మళ్ళీ మొదలైంది. అలాంటి రిజిస్టరు, ఉద్యోగంలో పైకెదిగే మెట్లు మన దగ్గరా వస్తే, ఈ పనిని పిల్లలు రెండేళ్ళకే వదిలేయరు.

చదువుకోవాలనుకునే వాళ్ళకి ఒక మంచి దారి. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఆరోగ్య పరిశోధన మూలాల మీద ఆన్‌లైన్ కోర్సు ఎన్‌పీటెల్ అనే ఇంటర్నెట్ పాఠాల వేదికలో నడుపుతోంది, వినడానికి ఫీజు లేదు. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష రాయాలి. మన గ్రూపులో కొందరు కలిసి వింటున్నారు, అర్థంకాని స్టాటిస్టిక్స్ పాఠాలు శనివారం సాయంత్రం సంఘం గదిలో చర్చించుకుంటున్నారు, టీ ఖర్చు సంఘానిదే, పట్టికలో కనబడుతుంది.

వచ్చే ఏడాదికి కమిటీ రెండు పనులు అనుకుంది. ఒకటి, పరిశోధన న్యాయంగా ఉందో లేదో చూసి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలకి మనవాళ్ళని పంపడం. ప్రతి కమిటీలో సామాన్య జనం తరఫున ఒక సభ్యుడు ఉండాలని, సంస్థకి చెందనివాళ్ళు సగమైనా ఉండాలని నిబంధన. ఆసుపత్రులు తరచూ తెలిసినవాళ్ళనే పిలుస్తాయి. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు మనలో ఎందరో ఉన్నారు, కాగితం జాగ్రత్తగా చదివి ఇది నాకు అర్థంకాలేదు అని నలుగురు డాక్టర్ల ముందు అనగలిగినవాళ్ళు పేర్లివ్వండి, శిక్షణ తీసుకున్నాక మనమే సంస్థలకి రాద్దాం. రెండు, మన పెద్దవాళ్ళ కోసం. ఒంటరిగా ఉన్న సభ్యుల తల్లిదండ్రుల ఇళ్ళకి నెలకోసారి వెళ్ళే స్వచ్ఛంద బృందం తయారవుతోంది. దీన్ని పరిశోధన అనకండి, ఎవరి బీపీ అంకెలూ గ్రూపులో పెట్టకండి. పరిశోధన చేయాలంటే అనుమతులు కావాలి, ఇది కేవలం పలకరింపు. ఏదైనా వేధింపు, ఆస్తి గొడవ కనబడితే పోలీసులు, నైటింగేల్స్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి నడిపే 1090 పెద్దల హెల్ప్‌లైన్ ఉంది, ఆ నంబరు ప్రతి ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించి వస్తాం.

రెండిటికీ పేర్లు సంయుక్త కార్యదర్శి గారికి ఇవ్వండి. సభ్యత్వ రుసుము ఇంకా కట్టనివాళ్ళు సర్వసభ్య సమావేశానికి ముందే కట్టేయండి, కట్టనివాళ్ళకి ఓటు లేదని ఈసారి కోశాధికారి గారు గట్టిగా ఉన్నారు.

మీ
కార్యదర్శి