83 మైళ్ల దగ్గర ఆగిన చిన్నాకి

చిన్నా,

నాన్న ఆశీస్సులు. బేస్‌బాల్‌లో బంతి విసిరే స్పీడు గంటకు 90 మైళ్లు దాటకపోతే, జట్లకి ఆటగాళ్లని వెతికే స్కౌట్లు కన్నెత్తి కూడా చూడరని మీ కోచ్ అన్నాడట. నీది 83 దగ్గరే ఆగిందని రెండు రోజులుగా తిండి సరిగా తినడం లేదని అమ్మ చెప్పింది. సియాటెల్‌లో పెరిగినవాడివి, మన ఊరి జట్టు మారినర్స్‌కి పిచర్‌గా బంతులు విసిరిన జేమీ మోయర్‌ని మర్చిపోతే ఎలారా?

అతను జోరుగా వేసే ఫాస్ట్‌బాల్ కూడా ఎనభై మైళ్ల చిల్లరే. 29 ఏళ్లు నిండేసరికి అతని ఖాతాలో 34 గెలుపులు, 54 ఓటములు. 1992లో కబ్స్ జట్టువాళ్లు సీజన్ మొదలవకముందే తీసేసి, కావాలంటే కోచ్‌గా ఉండమన్నారు. ససేమిరా అని కింది స్థాయి మైనర్ లీగ్‌కి వెళ్లి ఆడాడు. ఆ తర్వాత గెలిచినవి 235! మన మారినర్స్‌కి 2003లో, నలభై ఏళ్ల వయసులో, 21 గెలిచిపెట్టాడు.

అదంతా చాలావరకు చేంజప్ చలవే, అదే, ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి. నీకూ ఉందిగా! బొటనవేలు, చూపుడువేలు సున్నాలా చుట్టి, మిగతా మూడు వేళ్ల మధ్య బంతి పట్టుకుంటావు. చెయ్యి మాత్రం ఫాస్ట్‌బాల్‌కి తిప్పినంత జోరుగానే తిప్పాలి. నువ్వేమో బంతి నెమ్మదిగా పోవాలని చెయ్యే నెమ్మది చేస్తున్నావు. పోయినసారి వీడియోలో చూశాను, బ్యాటర్‌కి అక్కడే తెలిసిపోతోంది.

మోయర్ 522 హోమ్ రన్లు ఇచ్చాడు, క్రికెట్‌లో సిక్సర్ల లాంటివి. అంతకన్నా ఎక్కువ ఇచ్చిన పిచర్ ఇంతవరకూ లేడు. అన్ని కొట్టించుకున్నా, తన వంతు రాగానే మళ్లీ వచ్చి వేసేవాడు. నాకు ఆ మనిషిలో బాగా నచ్చింది ఇదే.

నువ్వూ మోయర్ అంతటివాడివి అవుతావని అనడం లేదు. అతనిది ఎడమచేతి వాటం, పైగా ఇప్పుడు స్కౌట్లందరికీ స్పీడు పిచ్చి. కానీ ఆ పిచ్చికి నీ మోచెయ్యి బలి కాకూడదు. లోపలివైపు లాగుతోందని అమ్మకి చెప్పి నా దగ్గర దాచావు. అక్కడ ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ తెగితే, దాని చోట వేరేది అతికే టామీ జాన్ ఆపరేషనే, ఏడాదికి పైగా మ్యాచ్‌లు ఉండవు. మోయర్ అది చేయించుకుని 49 ఏళ్ల వయసులో మళ్లీ గెలిచాడులే గానీ, అందరికీ అలా కుదరదు.

ఆ బరువు బంతుల ప్రాక్టీసు ఈ వారం ఆపెయ్. డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకో. ఇన్సూరెన్స్ కార్డు ఫొటో వాట్సాప్‌లో పెట్టాను. అమ్మ పంపిన కారప్పొడి అందిందా?

నాన్న