గర్భస్రావమైన మహిళలకు మానసిక తోడు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మహిళా విభాగం ఎక్కువ శ్రద్ధ పెట్టింది మూడో నెలలోపే కడుపు పోయినవారి మీద. మూడో నెల నిండేదాకా చాలామంది విషయం బయటపెట్టరు. అందుకే పోయిందని చెప్పుకోవడానికీ నోరు రాదు.

2020లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, ఇలాంటి మహిళల్లో నెల తర్వాత 29 శాతం మందిలో, 9 నెలలకు కూడా 18 శాతం మందిలో తీవ్ర ఆఘాత లక్షణాలు కనిపించాయి. అందుకే మన పలకరింపులు మొదటి వారంతో ఆగడం లేదు. మూడో వారం, ఆరో వారం, ఆపైన డాక్టరు చెప్పిన కాన్పు తేదీ దగ్గరపడినప్పుడు మళ్లీ వెళ్తున్నాం. ఆ చివరిది మాత్రం ఎవరూ మానకండి. ఇంట్లోవాళ్లు మరిచినా ఆ తేదీ ఆమె మరవదు.

వెళ్లినవారు "మళ్లీ కడుపు పండుతుందిలే" అనొద్దు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే పోతాయి, బిందె ఎత్తినందుకో స్కూటీ ఎక్కినందుకో కాదు. ఈ మాట అత్తగారు, భర్త ఉన్నప్పుడే చెప్పాలి. ఆమె ఒక్కదానికే చెబితే నింద ఆగదు.

చెకప్‌కు రమ్మనే ఫోన్లు వస్తూనే ఉంటే గాయం మళ్లీ రేగుతుంది. ఆమె సరేనంటే ఏఎన్‌ఎంకు చెప్పి గర్భిణుల నమోదులో వివరం మార్పించండి. గర్భం వల్ల వచ్చిన హార్మోన్ పూర్తిగా తగ్గేదాకా, కొన్ని వారాలపాటు, టెస్ట్ కిట్‌లో రెండు గీతలు రావచ్చు. ముందే చెప్పకపోతే లేని ఆశ పుడుతుంది. మూడు వారాలు దాటినా అలాగే వస్తే డాక్టరుకు చూపించాలి.

ఉద్యోగినులకు 1961 ప్రసూతి ప్రయోజన చట్టంతోనే 6 వారాల వేతన సెలవు హక్కు వచ్చింది. దానికి రుజువు అడుగుతారు. డిశ్చార్జ్ కాగితంలో "రక్తస్రావం" అని మాత్రమే ఉంటే సరిపోదు, గర్భస్రావమని రాయించుకోవాలి.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోయినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా మానసిక వైద్యులకు చూపించాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి; అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

వచ్చే ఏడాది భర్తలతో విడిగా సమావేశాలు పెడతాం. వారి దుఃఖాన్ని అడిగేవారూ లేరు. ఇందుకు ముందుకొచ్చే మగ సభ్యులు మహిళా విభాగానికి పేరు ఇవ్వగలరు.