రేసు అంచనాల పక్కన వాటి లెక్క కూడా ప్రచురించండి

సంపాదకులకు నమస్కారం.

గుర్రపు పందేలపై జీఎస్టీని 28 శాతం నుంచి 40 శాతానికి పెంచడంతో మలక్‌పేట రేస్‌కోర్సును నమ్ముకుని బతికే సైసులు (గుర్రాల సంరక్షకులు), గుర్రాలకు సాధన చేయించే రైడింగ్ బాయ్స్, దాణా వ్యాపారులు దెబ్బతింటారని ఇటీవల మీ ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. ఆయన ఆవేదనలో న్యాయం ఉంది. అయితే ఆ పన్ను ఎవరి జేబులోంచి వెళుతుందో, ఆ మనిషి ఊసు మాత్రం ఆ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. ఆ మనుషుల్లో నేనూ ఒకణ్ణి కాబట్టి, నా ఏడాది అనుభవాన్ని అంకెలతో సహా మీ ముందు పెట్టి, చివరకు మీ పత్రికకే ఒక విన్నపం చేయాలనుకుంటున్నాను.

నేను ఒక ప్రభుత్వ శాఖలో 31 ఏళ్లు లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. రేసులకు వెళ్లడం ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే కానీ, ఇతరుల ఖర్చులను పైసాతో సహా సరిచూసిన నేను నా పందేల లెక్క మాత్రం ఏనాడూ రాసుకోలేదు. "గెలిచిన రోజు గుమ్మంలోనే లెక్క చెబుతారు, పోయిన రోజు మోకాళ్ల నొప్పులంటూ పడుకుంటారు" అని మా ఆవిడ అన్న మాట మనసులో పడి, బేగంబజారు షావుకార్లు కొత్త ఖాతా పుస్తకాలు తెరిచే 2024 దీపావళి నాడే నేనూ ఒక చిట్టా తెరిచాను. 2025 దీపావళి దాకా కాసిన ప్రతి పందెం అందులో ఉంది. తేదీ, ఊరు, గుర్రం, పెట్టినది, వచ్చినది అనే గడులతో పాటు "ఎందుకు" అనే గడి ఒకటి గీసి, రేసు మొదలుకాక ముందే దాన్ని నింపాలని నియమం పెట్టుకున్నాను. ఏడాది గడిచాక చూస్తే, పుస్తకం మొత్తంలో పనికొచ్చిన గడి అదే.

మొత్తం 58 రోజుల్లో 396 పందేలు కాశాను. పెట్టిన సొమ్ము 71,400 రూపాయలు, చేతికి వచ్చింది 49,850. నష్టం 21,550, అంటే నూటికి 30. రేస్ బుక్కులు, ప్రవేశ రుసుము, మెట్రో ఛార్జీలు, ఇరానీ చాయ్ ఇందులో కలపలేదు. కలిపితే మా ఆవిడ మాటకు ఇంకా బలం వస్తుంది.

నష్టానికి కారణం గుర్రాలను ఎంచుకోవడం చేతకాకపోవడమే అయ్యుంటుందని మొదట అనుకున్నాను. చిట్టా వేరే మాట చెప్పింది. వందేసి రూపాయల చొప్పున ఫేవరెట్ల మీద, అంటే ఎక్కువమంది గెలుస్తాయని నమ్మిన గుర్రాల మీద, 140 పందేలు కాస్తే 49 గెలిచాయి. మూడింట ఒకటికి పైగా గెలిచే ఎంపికను ఏ రేసు పండితుడూ తప్పుపట్టడు. అయినా ఆ 14,000 రూపాయలకు తిరిగి వచ్చింది 10,045 మాత్రమే. టోట్‌లో, అంటే రేస్‌కోర్సు నడిపే ఉమ్మడి పందెంలో, మనం పందెం కాసేది గుర్రాలకు వ్యతిరేకంగా కాదు, తోటి పందెంరాయుళ్లకు వ్యతిరేకంగా. అందరూ వేసిన సొమ్ము ఒక కుప్పగా చేరి, అందులోంచి పన్నూ కమీషనూ పోగా మిగిలినదాన్నే గెలిచినవాళ్లు పంచుకుంటారు. గుర్రపు పందేలు ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడినవని సుప్రీంకోర్టు 1996లో మద్రాసు రేసుల కేసులో తీర్పు చెప్పింది, మా స్నేహితులు దాన్ని మంత్రంలా వల్లిస్తుంటారు. తీర్పు సరైనదే. కానీ ఆ నైపుణ్యం పక్కవాడి కన్నా కొంచెం ఎక్కువ ఉంటే సరిపోదు, ఆ కోత మొత్తాన్ని పూడ్చేంత ఎక్కువ ఉండాలి. నా దగ్గర అంత లేదు. మలక్‌పేటలో నాకు తెలిసినవాళ్లలో ఎవరి దగ్గరా ఉన్నట్టు నాకు కనిపించలేదు.

జీఎస్టీ విషయంలో చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, అది గెలిచిన లాభం మీద కాక పందెం పూర్తి విలువ మీద పడుతుంది. మొదటి రేసులో గెలిచిన వందనే రెండో రేసులో, మళ్లీ మూడో రేసులో పెడితే ఒకే నోటుకు మూడుసార్లు పన్ను కట్టినట్టే. ఈ లెక్కన 2025 సెప్టెంబరు 22న రేటు 40 శాతానికి చేరక ముందే ఎక్కువ పందేలు కాసేవాడు ఓడిపోయి ఉన్నాడు. పెంపు తర్వాత నాకు మిగిలినవి కొన్ని వారాలే కాబట్టి, దాని ప్రభావం గురించి నా చిట్టా ఆధారంగా తీర్పు చెప్పను.

ఇక రెండో పాఠం ఊళ్లకు సంబంధించినది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో మౌలాలీ నుంచి మలక్‌పేటకు మారిన ఈ మైదానంలో గుర్రాలు చలికాలంలోనూ వానాకాలంలోనూ మాత్రమే పరుగెత్తుతాయి. పందేలకు మాత్రం అలాంటి విరామం లేదు. వేసవిలో బెంగళూరు, వానాకాలంలో పుణె, మైసూరు, చలికాలంలో ముంబయి రేసులను తెర మీద చూపిస్తారు, ఇక్కడే కూర్చుని కాయవచ్చు. మన గుర్రాలు పరుగెత్తిన 24 రోజుల్లో నేను 118 పందేలకు 17,700 పెట్టి 14,900 వెనక్కి తెచ్చుకున్నాను. తెర ముందు కూర్చున్న 34 రోజుల్లో 278 పందేలకు 53,700 పెడితే 34,950 వచ్చింది. ఇక్కడ నూటికి 16 పోతే అక్కడ 35 పోయింది. రేసుకు ముందు గుర్రాలను నడిపించి చూపే పాడక్ కంచె దగ్గర నిలబడినప్పుడు గుర్రానికి చెమట ఎక్కడ పట్టిందో, మెడ ఎలా ఆడిస్తోందో, జాకీ ఎక్కగానే ఎంత బెదిరిందో కళ్లారా చూసి, అనుమానం వస్తే మానుకుంటాం. తెర మీద చూసేవాడికి ఆ అనుమానమే రాదు. పైగా ఒక ఊరి రేసు ముగిసిన పది నిమిషాలకే ఇంకో ఊరిది మొదలవుతుంటే, మానుకోవడానికి తీరిక ఎక్కడిది?

ఆ 34,950లో కూడా ఒక రహస్యం ఉంది. ఆగస్టులో ఒక టనాలా, అంటే మొదటి మూడు స్థానాలనూ వరుస తప్పకుండా చెప్పే పందెం, నాకు 13,800 రూపాయలకు తగిలింది. పదివేలు దాటిన గెలుపు కావడంతో 30 శాతం ఆదాయపు పన్ను అక్కడే కోసుకోగా 9,660 చేతికొచ్చింది. ఏడాది పొడుగునా పోగొట్టుకున్నదాన్ని ఆ గెలుపులోంచి మినహాయించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఆ ఒక్క టికెట్టును పక్కన పెడితే తెర పందేల్లో నేను పెట్టినదాంట్లో సగానికి పైగా పోయినట్టే. దాని ఎదురుగా "ఎందుకు" గడిలో ఏముందో చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది: "మనవరాలి పుట్టినతేదీ" అని ఉంది.

ఆ గడిలో తరచూ కనిపించే కారణాలు మరికొన్ని ఉన్నాయి. "పోయినసారి గెలిచింది" అని రాసిన 52 పందేల్లో గెలిచినవి 8. గెలిచిన గుర్రానికి హ్యాండిక్యాపర్, అంటే గుర్రాల బలాబలాలకు అంకెలు వేసే అధికారి, రేటింగు పెంచుతాడు, తర్వాతి రేసులో అది పైతరగతి గుర్రాలతోనో ఎక్కువ బరువుతోనో పరుగెత్తాల్సి వస్తుంది. ఇది తెలియని రేసు ప్రియుడు ఉండడు, నేను మాత్రం 52 సార్లు మరిచిపోయాను. ఫోనులో వచ్చే "పక్కా" గుర్రాల సందేశాలకు ఒకసారి 500 కట్టి చూశాను, దాని గురించి ఇంతకంటే రాయడం దండగ. అసలు నష్టం "పోయింది రాబట్టాలి" అని రాసిన చోట ఉంది. అలాంటివి 63 పందేలు, దాదాపు అన్నీ రోజులోని చివరి రెండు రేసుల్లోనే. వాటికి పెట్టింది 21,300, వచ్చింది 9,400. నా ఏడాది నష్టంలో సగానికి పైగా ఈ రెండు మాటల లోపలే ఉంది. రేసుకు ముందే ఆ కారణాన్ని నా చేత్తో రాసి కూడా లేచి కౌంటరు దగ్గరికి నడిచానంటే, లెక్క రాసుకోవడం ఒక్కటే మనిషిని ఆపుతుందని నేను ఎవరికీ చెప్పలేను.

ఇప్పుడు నా విన్నపం. రేసుల రోజున మీ పత్రికలో అంచనాల శీర్షిక వస్తుంది. మలక్‌పేట రేసులున్న ఆ 24 రోజుల శీర్షికలనూ కత్తిరించి దాచి, మరునాటి ఫలితాలతో సరిచూశాను. మొత్తం 163 రేసుల్లో మీ మొదటి ఎంపిక 51 సార్లు గెలిచింది. ఇది మెచ్చుకోవలసిన పనే. కానీ ప్రతి రేసులో ఆ ఎంపిక మీద 100 రూపాయలు పెట్టి ఉంటే 16,300కు తిరిగి వచ్చేది 12,600. అంటే ఇక్కడి రేసుల్లో మీ నిపుణుడి కన్నా నేనే కొంచెం తక్కువ పోగొట్టుకున్నాను. ఆయనకు ప్రతి రేసులోనూ ఒక పేరు రాయక తప్పదు, నాకు మానేసే వీలుంది, తేడా అంతే.

కాబట్టి ఆ శీర్షిక కింద రెండు వరుసలు చేర్చండి: సీజన్ మొదటి నుంచి మొదటి ఎంపికలు ఎన్ని, గెలిచినవి ఎన్ని, ఒక్కోదానికి వంద చొప్పున పెట్టినవాడి చేతిలో పన్ను పోగా ఇవాళ ఎంత మిగిలి ఉంటుంది. షేర్ల సలహాల కింద హెచ్చరిక వేస్తారు కదా, ఇది అంతకన్నా తేలిక, ఎందుకంటే అంకెలన్నీ మీ పత్రిక పాత సంచికల్లోనే ఉన్నాయి. నా చిట్టాకు, ఆ 24 కత్తిరింపులకు జిరాక్సు ప్రతులు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. మీ క్రీడా విభాగం వాటిని సరిచూసి, కూడికలో తప్పుంటే తెలియజేయగలరు. పేరు ప్రచురించవద్దని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్.