పురుగు ఏదో తేలకుండానే పేరు పెట్టేస్తారా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో కర్నూలు కుళాయి నీళ్లలో పురుగులంటూ వేసిన వార్తకు ఇంతవరకు సవరణ రాలేదు. ఎవరో ఒక అధికారో అధ్యాపకుడో రాస్తారని నాలుగు రోజులు చూసి, ఎవరూ రాయకపోయేసరికి నేను రాస్తున్నాను. శీర్షికలో 'కొత్త జాతి నులిపురుగు', అంటే నెమటోడ్, అన్నారు. ఫొటోలో అరచేతి మీద ఎర్రటి పురుగు ఉంది. పక్కన పెట్టెకట్టి, తాగునీటితో వచ్చే గినియా పురుగు రోగం 'నారికురుపు మళ్లీ వచ్చిందా?' అని అడిగారు. ఈ మూడింటికీ ఒకదానితో ఒకదానికి పొత్తు లేదు.

ఫొటోలో ఉన్నది అసలు నులిపురుగే కాదు. ఒంటిమీద కణుపులు, ముందు గట్టి తల, తల వెనక రెండు పొట్టికాళ్లు స్పష్టంగా కనబడుతున్నాయి. అది కైరోనమిడ్ అనే కుట్టని దోమ లార్వా. ఒంట్లో హిమోగ్లోబిన్ ఉండబట్టి ఆ ఎరుపు. మూతలేని ట్యాంకుల్లో, అడుగున పేరుకున్న మడ్డిలో పెరుగుతుంది. ట్యాంకు కడిగి, మూత బిగించి, గాలిగొట్టానికి వల కడితే దాని పీడ పోతుంది. నులిపురుగుకు కణుపులుండవు, కాళ్లుండవు. మంచినీటిలో సొంతంగా బతికేవి చాలామటుకు మూడు మిల్లీమీటర్ల లోపే, మందం 20 నుంచి 50 మైక్రాన్లు (మైక్రాను మిల్లీమీటరులో వెయ్యో వంతు). అరచేతిలో పెట్టి ఫొటో తీసేంత ప్రాణి కాదది. కదలికలోనూ తేడా ఉంది. దాని ఒంట్లో నిలువు కండరాలే తప్ప చుట్టు కండరాలు లేవు. అందుకే వానపాములా సాగి ముడుచుకోలేదు, పాములా మెలికలు కొట్టుకుంటుందంతే.

నారికురుపు మాట ఎత్తడం మరీ అన్యాయం. ఆ రోగం తెచ్చే ఆడపురుగు మనిషి చర్మం కింద మీటరు దాకా పెరుగుతుంది. నీళ్లలో ఉండేవి దాని పిల్లలు, సైక్లాప్స్ అనే చిన్న నీటిజీవి వాటిని మింగుతుంది, దాన్ని నీళ్లతో మనం తాగితే రోగం అంటుతుంది. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. దిగుడుబావుల్లోకి జనం దిగకుండా కట్టడి చేసి, చేతిపంపులు వేసి, నీళ్లు గుడ్డతో వడగట్టుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పిన కార్యకర్తల కష్టమది. ఆ పెట్టె చివర ప్రశ్నార్థకం పెట్టినంత మాత్రాన పత్రిక బాధ్యత తీరదు.

ఇక 'కొత్త జాతి' సంగతి. మంచినీటి నులిపురుగుల్లో ఇప్పటికే పేరున్నవి సుమారు 1,800. దొరికింది వాటిలో ఏదీ కాదని చూపించాకే కొత్తదనాలి. వార్త ప్రకారం నీళ్లను కూల్‌డ్రింక్ సీసాలో పట్టి, మూడు రోజులు ఆఫీసు బల్ల మీద ఉంచి, ఆ తర్వాత నమూనాలు చెడకుండా వాడే ఫార్మలిన్‌ను చల్లగానే పోశారు. సాక్ష్యం అక్కడే పోయింది. మన ఎండలకు చచ్చిన పురుగు లోపలంతా కుళ్లి, పైతోలు ఉత్త గొట్టంలా మిగులుతుంది. బతికున్నది చల్లటి ఫార్మలిన్‌లో గింజుకుని మెలి తిరిగి బిగుసుకుపోతుంది. దాని పొడవు సరిగా కొలవడం ఎవరి తరమూ కాదు.

నమూనా తీసే పద్ధతి ఇదీ. కుళాయి నీళ్లయితే సన్నజల్లెడ, 20 మైక్రాన్లది, పెట్టి బకెట్ల కొద్దీ పోయాలి. సుంకేసుల బ్యారేజీ దగ్గరో కె.సి. కెనాల్లోనో అడుగు బురద తీయాలంటే గొట్టం దిగగుచ్చి పైన ఐదు సెంటీమీటర్లు తీసుకోవాలి. గరాటు కాడకు రబ్బరు గొట్టం, క్లిప్పు తగిలించి, పైన జాలీ మీద టిష్యూ కాగితం పరిచి బురద పెట్టి, నీళ్లు దాన్ని తాకేదాకా నింపి ఒక రోజు వదిలేస్తే కదిలే పురుగులు కిందికి దిగుతాయి. బేర్మన్ గరాటు అంటే ఇంతే. మందకొడివి ఇందులో రావు. వాటికోసం లుడాక్స్ అనే సిలికా ద్రవాన్ని 1.15 సాంద్రతకు కలిపి తేల్చాలి. దొరికినవాటిని చల్లగా ఉంచి, ముందు బతికుండగానే చూడాలి. తర్వాత 60–65 డిగ్రీల వేడినీటిలో పరీక్షనాళికను ఒకటి రెండు నిమిషాలు ముంచితే కండరాలు సడలి చస్తాయి. కొన్ని నిటారుగా, కొన్ని నెలవంకలా నిలుస్తాయి, ఆ వంపు కూడా ఒక గుర్తే. అప్పుడు ఫార్మలిన్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు. డీఎన్ఏ పరీక్షకు కావలసినవి అంతకుముందే పక్కకు తీసి ఆల్కహాల్‌లో పెట్టాలి. ఫార్మలిన్ తగిలాక డీఎన్ఏ ముక్కలై పనికిరాకుండా పోతుంది.

స్లైడు నిలవాలంటే పురుగును గ్లిజరిన్‌లోకి మార్చాలి, అదీ నిదానంగా. 1959లో సైన్‌హార్స్ట్ అనే శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. 96 శాతం ఆల్కహాల్ 20 పాళ్లు, గ్లిజరిన్ ఒక పాలు, నీళ్లు 79 పాళ్లు కలిపి అందులో వేసి, ఆల్కహాల్ ఆవిరి నిండిన మూత పాత్రలో 35–40 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. తర్వాత గ్లిజరిన్ ఐదు పాళ్లు, ఆల్కహాల్ 95 పాళ్లు కలిపిన ద్రవం పోసి మెల్లగా ఆవిరి కానివ్వాలి. నేరుగా గ్లిజరిన్‌లో పడేస్తే ఒంట్లో నీళ్లన్నీ ఒక్కసారి లాగేసి ముడుచుకుపోతుంది.

ఎక్కువ మంది బోల్తా పడేది కవర్‌గ్లాసు దగ్గర. పురుగు మందానికి సరిపడే గాజుపోగులు గానీ మైనపు వలయం గానీ ఆనుగా పెట్టకపోతే ఆ బరువుకు అది నలిగి వెడల్పవుతుంది. నులిపురుగులను పోల్చడానికి వాడే డీమాన్ నిష్పత్తుల్లో 'ఎ' అంటే మొత్తం పొడవును అతి ఎక్కువ వెడల్పుతో భాగించగా వచ్చేది. 1,200 మైక్రాన్ల పురుగు 30 వెడల్పుంటే 'ఎ' 40. నలిగి 40కి సాగితే 'ఎ' 30కి పడిపోతుంది. ఇలాంటి కొలతతో 'కొత్త జాతులు' పుట్టించడం చాలా తేలిక. పొడవును గ్రసని (నోటి వెనక ఆహారం పీల్చే గొట్టం) పొడవుతో భాగిస్తే 'బి', తోక పొడవుతో భాగిస్తే 'సి'. ఆడదాని జననరంధ్రం తలనుంచి ఎంత శాతం దూరంలో ఉందో అది 'వి'. పిల్ల పురుగుకు ఆ రంధ్రమే ఉండదు. కాబట్టి పెద్దవి, అందులోనూ ఆడవి, ఒకటి కాదు పది పన్నెండు కొలవాలి. మగవాటి స్పిక్యూళ్ల, అంటే జతకట్టేటప్పుడు వాడే ముళ్ల, ఆకారం చూడాలి. నోట్లో మొనాంకస్ అనే నులిపురుగులా పన్నుందా, డోరిలైమస్ అనేదానిలా బోలు సూది ఉందా, గ్రసని చివర ప్లెక్టస్ అనేదానిలా కవాటమున్న ఉబ్బు ఉందా, తల దగ్గరి జ్ఞానేంద్రియం ఆంఫిడ్ ఏ ఆకారంలో ఉంది, తోక కొసన జిగురు వదిలే గొట్టం ఉందా, ఇవన్నీ వందరెట్ల ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద చూసి బొమ్మ గీయాలి. పోలికున్న ప్రతి జాతితోనూ తేడా రాయాలి. ఒక స్లైడును హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ప్రమాణ నమూనాగా, నిర్ణయించి, అది ఏ సంస్థలో భద్రపరిచారో చెప్పాలి. అంతర్జాతీయ నామకరణ నియమావళి 1999 తర్వాతి పేర్లకు దీన్ని తప్పనిసరి చేసింది. మన ఊరి పేరు కలిపి పెడతామని పత్రికలో ప్రకటించిన పేరుకు వర్ణన లేదు, టైపు లేదు. శాస్త్రం లెక్కలో అది పేరే కాదు.

ఈ పని చేయగలవాళ్లను మనమే లేకుండా చేసుకున్నాం. డిగ్రీ విద్యార్థికి నులిపురుగంటే ఏలికపాము ఒక్కటే. పాత స్లైడు చూసి పరీక్షలో బొమ్మ వేసి బయటపడతాడు. వర్గీకరణ తెలిసిన అధ్యాపకుడు రిటైరైతే ఆ జ్ఞానం ఆయనతోనే ఇంటికి పోతుంది, ఆ చోట ఇంకొకరిని పెట్టరు. నీటి ల్యాబుల్లో వంద మిల్లీలీటర్లలో కోలిఫాం బ్యాక్టీరియా లేదని తేలగానే కాగితం మీద సంతకం పెట్టేస్తారు. అనంతపురం దానిమ్మ రైతు వేరుబుడిపె నులిపురుగును వేరు చూసి పోల్చుకుంటాడు. కోట్ల రూపాయల నీటి పథకం నడిపే శాఖకు ఆ మాత్రం చూపు లేకపోవడం సహించరానిది.

పేరు తేలడం ఎందుకంటే, మందు దాన్నిబట్టే మారుతుంది. లార్వా అయితే ట్యాంకు కడగాలి. నులిపురుగే అయితే క్లోరిన్ రెట్టింపు చేసి చేతులు దులుపుకుంటే కుదరదు. బ్యాక్టీరియాను చంపే మోతాదును అది తట్టుకుంటుంది, మింగిన బ్యాక్టీరియానూ కడుపులో కాపాడుతుంది. బతికున్నది నీళ్లు వడగట్టే ఇసుక మడుల్లోంచి ఈదుకుంటూ దాటిపోతుంది, కదలిక ఆగినది ఇసుకలో చిక్కుతుంది. కాబట్టి వడపోతకు ముందు క్లోరిన్‌ను తగినంతసేపు పనిచేయనివ్వాలి, మడులను వేళకు కడగాలి. ఆ నులిపురుగు తనంతట తాను మనిషికి రోగం తేదని కూడా చెప్పాలి, లేకపోతే జనం అనవసరంగా నులిపురుగుల మాత్రలు మింగుతారు.

భారత జంతు సర్వేక్షణ సంస్థ మంచినీటి జీవశాస్త్ర కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది, ఇక్కణ్నుంచి బస్సులో నాలుగైదు గంటల దారి. ఆ సీసాను పక్కన పెట్టి, పైన చెప్పినట్టు కొత్తగా నమూనా తీసి పంపమని అధికారులను కోరుతున్నాను. వాళ్లు చెప్పిన పేరును అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
జంతుశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు,
కర్నూలు