ఆక్సీమీటరు అందరికీ ఒకేలా పనిచేయాలి

అమెరికా ఆరోగ్య, మానవ సేవల మంత్రి గారికి,

వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు చర్మం గుండా వెలుతురును పంపి రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని అంచనా వేస్తుంది. ముదురు రంగు చర్మంలో ఎక్కువగా ఉండే మెలనిన్ అనే రంగు పదార్థం ఆ వెలుతురును కొంత పీల్చుకోవడం వల్ల, ఆక్సిజన్ ప్రమాదకరంగా తగ్గిన రోగికి కూడా అంతా సవ్యంగానే ఉన్నట్టు అంకె కనిపించవచ్చు. ఇలా తగ్గుదల బయటపడకపోవడం శ్వేతజాతి రోగులకంటే నల్లజాతి రోగుల్లో దాదాపు 3 రెట్లు ఎక్కువని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లోనే వెల్లడించారు. రోగిని చేర్చుకోవాలా, ఇంటికి పంపాలా అన్నది ఆ అంకెను చూసి తేల్చిన కరోనా రోజులను తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

సరిదిద్దడం అసాధ్యమేమీ కాదు; ఇలాంటి లోపాన్నే మరోచోట ఇప్పటికే సరిదిద్దారు. మూత్రపిండాల పనితీరును లెక్కగట్టే సూత్రంలో జాతిని బట్టి కలిపే గుణకాన్ని వదిలేయాలని నిపుణుల సంఘాలు 2021లో తేల్చాయి. ఆ గుణకం వల్ల మూత్రపిండ మార్పిడి జాబితాలో వెనుకబడిన నల్లజాతివారికి, కోల్పోయిన నిరీక్షణ కాలాన్ని తిరిగి జమచేసే నిబంధన 2023లో అమలులోకి వచ్చింది.

ఆక్సీమీటర్లను వివిధ చర్మపు ఛాయలవారిపై మరింత విస్తృతంగా పరీక్షించాలన్న ముసాయిదా మార్గదర్శకాలను 2025 జనవరిలో మీ శాఖ పరిధిలోని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వెలువరించింది. మార్గదర్శకం సలహా మాత్రమే కనుక, దానిని కట్టుబడి తీరవలసిన నిబంధనగా మార్చి, ఇప్పటికే ఆసుపత్రుల్లో వాడుకలో ఉన్న పరికరాలకూ గడువు విధించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పౌరురాలు