ఆరు వారాలు ఆర్డర్లు ఎందుకు ఆపానంటే

గత ఆరు వారాలుగా మన నోటు పుస్తకాలకు కొత్త ఆర్డర్లు తీసుకోలేదు. "సాంకేతిక కారణాల వల్ల" అని ఒక ముక్క రాసి పెట్టాను. అది నిజం కాదు. మీలో కొందరు మొదటి ఏడాది నుంచీ మా దగ్గరే కొంటున్నారు, మీవాళ్లకు బహుమతిగా ఇస్తున్నారు, అలాంటివాళ్లకు అబద్ధం చెప్పినందుకు ముందుగా క్షమించమని అడుగుతున్నాను. మిషన్లు బాగానే ఉన్నాయి, కాగితం స్టాకు ఉంది, పనిచేసే మనుషులున్నారు. ఆగిపోయింది నేను.

వ్యాపారం దెబ్బతిన్నదేమోనని కంగారుపడి మెసేజ్‌లు పెట్టారు కొందరు. అదేం లేదు. ఈ తొమ్మిదేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ నడవలేదు. ఒక బల్ల, ఒక సూది, మైనం పూసిన దారంతో నేనొక్కదాన్నే మొదలుపెట్టిన పని మీద ఇవాళ ఏడుగురు బతుకుతున్నారు, ఆర్డర్లు ఎప్పుడూ చేతినిండా ఉంటాయి. మొదట్లో ఆర్డరు వచ్చినట్టు ఫోన్ మోగితే పరుగెత్తుకెళ్లి ఇంట్లో అందరికీ చూపించేదాన్ని. పోయిన ఏడాది ఆ చప్పుడు చిరాకుగా ఉందని తీసేశాను, తీసేసిన సంగతి కూడా నాలుగైదు నెలల దాకా గుర్తు రాలేదు.

ఎవరితోనైనా చెప్పుకుందామంటే నోరు రాలేదు. కష్టం వస్తే చెప్పుకోవచ్చు, నష్టం వస్తే చెప్పుకోవచ్చు, అన్నీ బాగున్నాయి కానీ పొద్దున లేచి పనికి వెళ్లాలంటే కాళ్లు కదలడం లేదని ఎలా చెప్తాం? "నీకేం తక్కువ?" అంటారు. ఆ ప్రశ్న వేరేవాళ్లు అడగకముందే నన్ను నేనే రోజుకు పదిసార్లు అడుక్కునేదాన్ని, జవాబు దొరక్క ఇంకాస్త ఎక్కువ పని నెత్తిన వేసుకునేదాన్ని. పని పెరిగేది, లెక్కలు పెరిగేవి, లోపల మాత్రం మూడేళ్ల కిందట ఎక్కడున్నానో అక్కడే ఉన్నాను. మీరు గమనించారో లేదో, ఈ మూడేళ్లలో మా నుంచి ఒక్క కొత్త పుస్తకం కూడా రాలేదు. రంగులు మారాయి, అంతే.

మొదట బర్నౌట్ అనుకున్నాను. అలా అనుకోవడం తేలిక కూడా, అందరూ వాడే మాటే కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాకుండా, పనికి సంబంధించిన ఒక స్థితిగా తన వర్గీకరణలో చేర్చి మూడు లక్షణాలు చెప్పింది. ఒంట్లో శక్తి అయిపోయినట్టుండటం, పని మీద మనసు విరిగి దూరం కావడం, పనిలో సామర్థ్యం తగ్గడం. నాకు నేను లెక్క చూసుకుంటే శక్తి బాగానే ఉంది, సామర్థ్యం తగ్గలేదు, మధ్యలోది మాత్రం నూటికి నూరుపాళ్లు ఉంది. అందుకే సెలవు పెట్టి పది రోజులు తిరిగొచ్చినా ఏమీ మారలేదు. అలసట అయితే విశ్రాంతితో తీరేది.

మనిషి సాధించినదానికి త్వరగా అలవాటు పడిపోతాడని ఫిలిప్ బ్రిక్‌మన్, డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1971లో రాశారు. ఇది మనందరికీ అనుభవమే. బ్రిక్‌మన్ మరో ఇద్దరితో కలిసి 1978లో ప్రచురించిన అధ్యయనం మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు. పెద్ద లాటరీ తగిలిన 22 మందిని మామూలు వాళ్లతో పోల్చి చూస్తే, గెలిచినవాళ్లు వాళ్ల కంటే చెప్పుకోదగ్గంత సంతోషంగా ఏమీ లేరు, పైగా స్నేహితుడితో కబుర్లు, పత్రిక చదవడం లాంటి చిన్న చిన్న విషయాల్లో వాళ్లకు దొరికే ఆనందం తక్కువగా ఉంది. చిన్న అధ్యయనం, దాని మీద మేడలు కట్టలేం. కానీ ఆ రెండో సంగతి చదివినప్పుడు నా చేతుల వైపు చూసుకున్నాను. కొత్త కాగితం కట్ట విప్పినప్పుడు వచ్చే వాసన, కుట్టడానికి పెట్టుకున్న కాగితాల దొంతర (ఫారం) మడిచి, మడత నొక్కే ఎముక పుల్లతో గీటు వేస్తే కాగితం చేసే చప్పుడు, ఇవన్నీ నాకు ఎప్పటి నుంచి లేవు?

దీనికి జవాబు కోసం రెండు వారాలు గంట గంటకూ ఏం చేస్తున్నానో రాసుకున్నాను. రెండు వారాల్లో కాగితం ముట్టుకున్నది మొత్తం కలిపి నలభై నిమిషాలు. అదీ ఎవరో కుట్టిన పుస్తకంలో తప్పు చూపించడానికి. మిగతాదంతా ఫోన్లు, బిల్లులు, "సరే", "వద్దు", "రేపు చూద్దాం". పుస్తకం కుట్టే మనిషిని కాస్తా పుస్తకాలకు అనుమతి ఇచ్చే మనిషినైపోయాను, ఎవరూ బలవంతం చేయకుండా, వ్యాపారం పెరుగుతోందన్న సంతోషంలోనే.

అందుకని ఆర్డర్లు ఆపి మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాను. మొదటి పుస్తకం పాడుచేశాను. మిషన్ మీద తయారైన కాగితంలో పోగులు ఎక్కువగా ఒకే దిక్కుకు పరుచుకుని ఉంటాయి, దాన్నే గ్రెయిన్ అంటాం. తేమ తగిలితే ఆ పోగులు పొడవుకన్నా అడ్డంగా ఎక్కువ ఉబ్బుతాయి, కాబట్టి గ్రెయిన్ ఎప్పుడూ పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండాలి. లేకపోతే పేజీలు అలలు తిరుగుతాయి, అట్ట వంగుతుంది, పుస్తకం హాయిగా తెరుచుకోదు. మా దగ్గర చేరిన ప్రతివాళ్లకూ మొదటి రోజు చెప్పే పాఠం ఇది. నేనే కాగితం మిగల్చాలని అడ్డంగా కోసేశాను. మర్నాడు వంకరపోయిన అట్ట చూసి నాకు ఎంత కోపం వచ్చిందో! చాలా నెలల తర్వాత పని మీద నాకు కలిగిన మొదటి గట్టి భావం అది. అదే రోజు సాయంత్రం దాకా కూర్చుని ఇంకొకటి కుట్టాను.

ఉద్యోగులు తమ పనిని తామే ఎలా మలుచుకుంటారో ఆమీ రెజ్నెస్కీ, జేన్ డట్టన్ అనే పరిశోధకులు 2001లో రాశారు. ఆసుపత్రిలో శుభ్రం చేసేవాళ్లలో కొందరు తమ పనిని రోగుల సంరక్షణలో భాగంగా చూసుకుని, పనిచేసే తీరునే మార్చుకున్నారు. వాళ్లు ఎవరి కిందో పనిచేస్తూ ఆ మాత్రం చోటు చేసుకున్నారు. అన్నీ నా చేతిలో ఉండి కూడా నేను ఏదీ కదపలేదు. అమ్ముడవుతున్నదాన్ని కదిపితే ఆగిపోతుందేమోనని భయం.

ఇప్పుడు కదుపుతున్నాను, అందులో మీకు నచ్చనివి కూడా ఉండొచ్చు. వారంలో మూడు రోజులు నేను బల్ల దగ్గరే ఉంటాను, ఫోన్ తీయను. మీ ప్రశ్నలకు జవాబిచ్చే పని మా దగ్గర ఏడేళ్లుగా ఉన్న అమ్మాయి చూసుకుంటుంది, ఆ మూడు రోజులూ ఆమె నిర్ణయమే నా నిర్ణయం. పది రోజుల్లో పంపేవి ఇకపై మూడు వారాలు పడతాయి. మాకు సగం ఆర్డర్లు తెచ్చిపెట్టే నల్ల అట్ట చిన్న పుస్తకం నెలకు ఇన్ని అని పరిమితంగానే చేస్తాం, అయిపోతే వచ్చే నెల దాకా ఆగాలి. దీని వల్ల ఈ ఏడాది ఆదాయం తగ్గుతుంది. ఎవరి జీతమూ తగ్గదు, నాది తగ్గుతుంది. ఈ మాట మావాళ్లకు చెప్పడానికి రెండు రోజులు టెన్షన్ పడ్డాను. అంతా విని ఒకాయన "ఆ లెక్కల గదిలోంచి మీరు ఎప్పుడు బయటకొస్తారా అని రెండేళ్లుగా చూస్తున్నాం" అన్నాడు.

కొత్తగా పాత పుస్తకాల మరమ్మతు మొదలుపెడుతున్నాను. కుట్టు ఊడినవి, వెన్ను చిరిగినవి, అట్ట పోయినవి పంపండి. ఏ రెండు పుస్తకాలూ ఒకేలా పాడవవు, ప్రతిదానికీ మళ్లీ ఆలోచించాలి, నాకిప్పుడు కావలసింది అదే. పేజీ మూల మడిస్తే విరిగిపోయేంత పెళుసుగా మారిన కాగితమైతే కుట్టు నిలవదు, వాటిని తీసుకోను. ముందు ఫొటో పంపితే చూసి చెప్తాను.

అంతా బాగైపోయిందని చెప్పను. ఇంకా కొన్ని పొద్దున్నలు బరువుగానే ఉంటాయి, బల్ల దగ్గర రోజులు తేలిగ్గా, లెక్కల రోజులు మునుపటిలాగే బరువుగా. ఇది చదువుతున్న మీలో ఎవరికైనా పని ఒక్కటే కాదు, దేని మీదా ఆసక్తి లేకుండా, నిద్ర పట్టకుండా వారాలు గడుస్తుంటే నా కథతో పోల్చుకుని ఆగిపోకండి, డాక్టర్ని కలవండి.

పాత ఆర్డర్లన్నీ సోమవారం నుంచి వరుసగా బయలుదేరతాయి, వద్దనుకున్నవాళ్లకు డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాం. మరో విషయం. "పుస్తకం అప్పటిలాగే ఉంది కానీ మీరు లోపల చేత్తో రాసి పెట్టే చీటీ లేదు, ఎందుకు?" అని రెండేళ్ల కిందట అడిగారు మీలో ఒకరు. అప్పుడు అచ్చు వేసిన కార్డు పెట్టి ఊరుకున్నాను, జవాబివ్వలేదు. ఈసారి బయలుదేరే మొదటి ప్యాకెట్ అలా అడిగిన మీకే, చీటీ రాసి లోపల పెట్టాను.