రాయికి రంగు పూసే ముందు ఒక్క ఫోన్ చేయండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. నల్లగొండలో నాది చిన్న ఫొటో స్టూడియో. ముహూర్తాలు లేని రోజుల్లో జిల్లాలోని చరిత్ర అభిమానులతో కలిసి ఊళ్లు తిరుగుతూ శాసనాల ఫొటోలు తీస్తుంటాను. జీతం, భత్యం లేని పని. పెట్రోలు ఎవరిది వాళ్లదే. మీ జిల్లా పేజీలో ఈమధ్య పాత గుళ్ల జీర్ణోద్ధరణ వార్తలు వరసగా వస్తున్నాయి. గుడి బాగుపడితే ఎవరికి చేదు? నా బాధంతా ఆ గుడి ముందు నిలబడ్డ రాయి గురించే.

పోయిన ఎండాకాలం సూర్యాపేట దిక్కు ఒక ఊరికి పోయాం. ఊరి పేరు రాయను, మాకు మజ్జిగ పోసి కూర్చోబెట్టినవాళ్లు. ధ్వజస్తంభం పక్కన ఛాతీ ఎత్తు బండ. పైన సూర్యుడు, చంద్రుడు, మధ్యలో లింగం. సూర్యచంద్రులు ఉన్నన్నాళ్లు ఈ దానం నడవాలని ఆ బొమ్మలకు అర్థం. వాటి కింద అక్షరాలు ఉండాల్సిన చోట మందంగా పసుపుపచ్చ ఆయిల్ పెయింట్, దాని మీద ఎర్ర బొట్లు. సగం బండ కొత్త సిమెంటు గచ్చులోకి దిగిపోయింది.

పెళ్లిలో లైటు ముఖానికి ఎదురుగా పెడతాం. శాసనానికి అట్లా పెడితే రాయి నున్నగా కనిపిస్తుంది. పక్కనుంచి, రాయిని రాసుకుంటూ పోయేటట్టు టార్చి వేస్తేనే గీతల్లో నీడ పడి అక్షరం లేస్తుంది. అక్కడ అట్లా వేసి చూస్తే ‘స్వస్తి శ్రీ’ వరకు దొరికింది. ఆపైన అంతా రంగే. తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీద్దామన్నా, గీతలు నిండిపోయిన రాయిలోకి కాగితం దిగదు. ఎవరు ఇచ్చారు, ఏ చెరువు కింద ఎన్ని మర్తుర్ల (అప్పటి భూమి కొలత) భూమి ఇచ్చారు అన్న సంగతులన్నీ లోపలే ఉండిపోయాయి. ఇలాంటి దానశాసనాల చివర తరచుగా ఒక శ్లోకం ఉంటుంది: దానమిచ్చిన భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. ఆ శాపం కూడా గచ్చు కిందికే పోయి ఉంటుంది. పాపం, మేస్త్రీకి తగలకూడదని నా కోరిక.

సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయాన్ని 1208లో ఎరకసానమ్మ కట్టించిందని ఈరోజు చెప్పుకోగలుగుతున్నామంటే శాసనం ఉండబట్టే. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వచ్చేవాళ్లు గర్భగుడిలో నీడ చూసి, సెల్ఫీ దిగి పోతారు. పక్కనున్న ఉదయసముద్రం చెరువు ఎవరి పేరు మీద వెలిసిందని అడిగేవాళ్లు తక్కువ. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కుందూరు చోడుల సంగతి చెప్పేది కూడా రాళ్లే. 1935లో లక్ష్మణరాయ పరిశోధక మండలి ‘తెలంగాణా శాసనములు’ అచ్చు వేసింది. అది సర్కారు పని కాదు, భాషాభిమానులు పూనుకొని చేసింది.

రక్షిత కట్టడాలకు బోర్డు, కంచె ఉంటాయి. 2017లో రాష్ట్రానికి వారసత్వ చట్టమూ వచ్చింది. కానీ వేపచెట్టు కింద వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి), చెరువు కట్ట మీద శాసనం చాలా ఊళ్లలో ఏ జాబితాలోనూ ఉండవు. పైగా మేం కెమెరా తీయగానే జనం అడిగే మొదటి మాట, ‘కింద ఏమన్న ఉన్నదా సార్?’ అని. గుప్తనిధుల పిచ్చితో రాత్రిపూట తవ్వి రాళ్లు పడగొట్టేవాళ్ల వల్ల మమ్మల్నీ అనుమానంగానే చూస్తారు. ఊరి పెద్దమనిషి ఒకరు వెంట ఉంటే మాకే ధైర్యం.

సర్పంచులను, గుడి కమిటీలను అడిగేది ఒకటే. పని మొదలుపెట్టే ముందు రాయిని ఫొటో తీసి పంచాయతీలో పెట్టుకోండి, మాలాంటివాళ్లకు ఒక్క ఫోన్ చేయండి. ఆదివారం వచ్చి అచ్చు తీసుకొని పోతాం, రూపాయి అడగం. రాయిని జరపక తప్పకపోతే నిలువునా గుడి ఆవరణలోనే పెట్టండి. మెట్టుగా మాత్రం వేయకండి. ఇప్పటికే రంగు పడి ఉంటే ఇనుప బ్రష్షుతోనో యాసిడ్‌తోనో గీకకండి, రంగుతోపాటు అక్షరమూ పోతుంది. అట్లాగే వదిలేసి పురావస్తు శాఖవాళ్లకు చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
రామగిరి, నల్లగొండ